నారింజ రంగు జెండా

మే రెండో శనివారం. రాత్రి పదిన్నర.

రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దినా చేతులకు బురద వాసన వదల్లేదు. ఇది రాయడం పూర్తయ్యేదాకా ఉండనీ అనుకుని కూర్చున్నాను.

పొద్దున మొదటి మెట్రోకే బయల్దేరాను. షాంఘైలో 16వ లైను పట్టుకుని ఆఖరి స్టేషన్‌లో దిగితే నగరానికి తూర్పు కొస. నాన్‌హుయ్ సముద్రపు గట్టు అక్కణ్నుంచి దగ్గరే. నేను చేరేసరికే లావ్‌షీ గారు టెలిస్కోపు బిగించుకుని కూర్చున్నారు. లావ్‌షీ అంటే చైనీస్‌లో టీచరు. బడిలో చెప్పి రిటైరయిన ఆవిడను మా గుంపులో అందరం అలాగే పిలుస్తాం. నన్ను చూడగానే ఫ్లాస్కు మూతలో వేడినీళ్లు పోసి చేతికిచ్చారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఉత్త వేడినీళ్లు ఎలా తాగుతారో అనిపించేది. ఇప్పుడు అవి లేకపోతే నాకూ తోచదు.

మేం వెళ్లింది చెంచామూతి ఉల్లంకి కోసం. ఇక్కడి పక్షి ప్రేమికులు ముద్దుగా ‘చిన్న చెంచా’ అంటారు. పిడికిట్లో ఇమిడిపోయే పిట్ట. ముక్కు చివర చెంచాలా వెడల్పుగా ఉంటుంది. రష్యా ఈశాన్యపు కొసన చుకోట్కాలో గుడ్లు పెట్టి, చలికాలానికి మయన్మార్, బంగ్లాదేశ్ తీరాల దాకా వస్తుంది. లోకం మొత్తమ్మీద కలిపినా వెయ్యి లేవు. దాన్ని వెతకడమంటే ఎర్రమెడ ఉల్లంకుల గుంపుని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవడమే. రెండూ ఒకే సైజు, మే నెలలో రెంటికీ మెడ ఇటుక రంగుకి తిరుగుతుంది, రెండూ కలిసే మేస్తాయి. ఎర్రమెడది కుట్టుమిషను సూదిలా టకటకా పొడుస్తుంది. చెంచామూతిది మూతిని నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊడుస్తుంది. రెండు గంటలు చూశాను. అన్నీ సూదులే.

పదకొండు దాటాక సముద్రం పోటెత్తింది. ఈ తీరంలో పిట్టల కష్టం అప్పుడే మొదలవుతుంది. పాటు వేళ మైళ్ల కొద్దీ బురద తేలితే వాటికి తిండికి లోటు ఉండదు. పోటు వచ్చి బురదంతా మునిగాక కాసేపు కాలు మోపడానికి ఆరిన నేల కావాలి. అలాంటి నేలని గట్లు కట్టి పూడ్చేశారు. మిగిలినచోట స్పార్టినా గడ్డి ఎదిగింది. ఒడ్డు కోసుకుపోకుండా ఆపుతుందని 1979లో అమెరికా నుంచి తెచ్చి నాటిన గడ్డి అది, ఆపడానికి వీల్లేకుండా పాకిపోయింది. అందుకని పోటు వేళ పిట్టలన్నీ గట్టు దాటి ఇవతలి చేపల చెరువుల్లోకి వస్తాయి. ఆ సంగతి వలలు కట్టేవాళ్లకి మాకంటే బాగా తెలుసు.

వల ముందు లావ్‌షీ గారికే కనబడింది. నిజానికి కనబడింది వల కాదు, రెల్లు పక్కన నిలబెట్టిన రెండు వెదురు గడలు. వాటి మధ్య వెంట్రుక కన్నా సన్నటి నైలాను దారం, పది అడుగుల దూరం నుంచి చూసినా ఉత్త గాలిలాగే ఉంది. దగ్గరికి వెళితే రెండు ఉల్లంకులు తలకిందులుగా వేలాడుతున్నాయి. ప్రాణం ఎప్పుడో పోయింది. కింది మడతలో మూడోది కదిలింది. ఎర్రమెడ ఉల్లంకి.

నేను తొందరపడి చెయ్యి చాపాను.

“లాగకు. ముందు అది ఏ వైపు నుంచి దూరిందో చూడు” అన్నారు ఆవిడ.

దూరిన వైపు నుంచే తియ్యాలి, ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, చివర తల. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక చేత్తో పిట్టను గుప్పిట్లో పట్టుకుని, రెండో చేతి గోటితో ఒక్కో పోగూ తప్పించారు. రెక్క మడత దగ్గర దారం చర్మంలోకి దిగి ఉంది. అక్కడ మాత్రం పోగుని కత్తెరతో కత్తిరించాలి. నా బ్యాగులో ఉన్నది కాగితాల కత్తెర, దాని మొన మొద్దు. ఆ ఒక్క పోగుకే చాలా సేపు పట్టింది.

ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. ఛోంగ్‌మింగ్ దీవిలో, ఒకప్పుడు పిట్టలు పట్టి బతికినవాళ్ల దగ్గర, అన్నారు. ఇక్కడికి ఉత్తరాన, యాంగ్‌ట్సీ నది సముద్రంలో కలిసేచోట ఉందా దీవి. అక్కడి వేటగాళ్లు చిన్న వెదురు ముక్కతో ఈల వేసి, ఒక్కో జాతి ఉల్లంకి గొంతునీ అనుకరించి ఆకాశంలో పోయేవాటిని వలలోకి దింపేవాళ్లు. తూర్పు ఒడ్డున అభయారణ్యం వచ్చాక అదే ఈలతో పిట్టల్ని రప్పించి, కాళ్లకి కడియాలు వేసి వదిలే పనికి కుదిరారు. మునుపు మెడ విరిచిన చేతులే పిట్ట నలగకుండా ఎలా పట్టుకోవాలో శాస్త్రవేత్తలకి నేర్పాయి. ఇవాళ ఆ పట్టు లావ్‌షీ గారి చేతిలో చూశాను.

పిట్ట బయటికి వచ్చాక చూస్తే కుడికాలికి నారింజ రంగు జెండా, అంటే పిట్టకి ఎక్కడ గుర్తు వేశారో తెలియడానికి కాలికి తగిలించే చిన్న ప్లాస్టిక్ ముక్క. ఆ రంగు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానిది. చిన్న నిమ్మకాయ బరువుండే ఈ ప్రాణి 8,000 కిలోమీటర్లు ఎగిరి వచ్చి, ఇంకా సైబీరియా దాకా పోవాల్సి ఉండగా, చేపల చెరువు గట్టు మీద ఎవరో కట్టిన దారానికి చిక్కింది. అరచేతిలో దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, కొట్టుకోవడంలా కాదు, సన్నగా వణికినట్టు తగిలింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏమీ అనలేదు, జేబు రుమాలు నా భుజం మీద వేశారు. నీడలో గుడ్డ సంచిలో కాసేపు ఉంచి, రెక్క రెండువైపులా సమంగా విప్పుతోందని చూసుకుని నీటి అంచున వదిలాం. నాలుగడుగులు నడిచింది. ఒళ్లు విదుల్చుకుంది. లేచి గుంపు వైపు పోయింది.

110కి ఫోన్ చేస్తే ఇద్దరు కుర్ర పోలీసులు వచ్చారు. ఫొటోలు తీసుకుని, గడలు పీకించి, వల చుట్టి పట్టుకెళ్లారు. కట్టినవాడు దొరకలేదు. తడి మట్టిలో రబ్బరు బూటు అచ్చులున్నాయి, అంతే. చట్టం లేక కాదు. అడవి జంతువుల్ని తినడాన్ని 2020 ఫిబ్రవరిలోనే నిషేధించారు. రక్షిత జంతువుల 2021 జాబితాలో చెంచామూతి ఉల్లంకిని మొదటి తరగతి రక్షణలో చేర్చారు. కానీ వల కట్టినవాడికి కావలసింది అమ్ముడుపోయే పెద్ద పిట్టలు. చిన్నవి ఊరికే చచ్చిపోతాయి. ఎర్రమెడ ఉల్లంకి చిక్కిన ఆ మడతలో పొద్దున మేం కళ్లు కాయలు కాచేలా వెతికిన చెంచామూతిదే ఉండొచ్చు. దారానికి తేడా తెలియదు.

ఎక్కువ ఉన్నాయిలే అని వదిలేస్తే ఏమవుతుందో దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో ‘వరిపూల పిచ్చుక’ అని ఇష్టంగా తిన్న పసుపు రొమ్ము పిట్ట చూపించింది. 1980కీ 2013కీ మధ్య నూటికి 84 నుంచి 95 వంతులు తగ్గిపోయింది. మా ఊరి సంతలో కాళ్లు కట్టి అమ్మే కౌజు పిట్టలు గుర్తొచ్చాయి. నాన్న కొనిపెడతానంటే ఎగిరి గంతేసేదాన్ని. ఆ పిట్టల్ని ఎవరు పట్టారో, ఎలా పట్టారో ఒక్కనాడూ అడగలేదు.

వచ్చేటప్పుడు బస్‌స్టాపులో లావ్‌షీ గారు ఇంకో మాట చెప్పారు. ఉత్తరాన జియాంగ్‌సూ తీరంలో తియావ్‌జినీ దగ్గర, 2020లో, చేపల చెరువులున్న 120 ఎకరాల చోటుని పోటు వేళ పిట్టలు దిగడానికే విడిచిపెట్టారట. చెంచామూతివి అక్కడ వానాకాలం చివర నిలకడగా కనబడతాయని, సెప్టెంబరులో వెళదాం, ఇద్దరికీ టికెట్లు తనే తీస్తానని అన్నారు.

నారింజ జెండా వివరాలు రాసి, ఫొటో జతచేసి ఇందాకే మెయిల్ పంపాను. వలలో చచ్చిపోయిన రెండు పిట్టల్నీ లావ్‌షీ గారు రెల్లు కింద గుంట తీసి పెట్టారు. వచ్చే శనివారం పోటు సాయంత్రానికి జరుగుతుంది, కాబట్టి మధ్యాహ్నం బయల్దేరితే చాలు. సన్న మొన కత్తెర ఒకటి కొనాలి.