పనస జిగురు అంటిన శాలువా

రైలు దిగే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, అది ఉన్నది ఆమదాలవలసలో. ఈ సంగతి తెలిసీ ప్రతిసారీ ఆటోకి డబ్బు తగలేస్తాను. ఈసారి 300. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌లో తిన్న ఇడ్లీ గురించి రాయకపోవడమే మంచిది.

శ్రీముఖలింగం బస్సులో ఆడవాళ్ళంతా ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకుంటున్నారు. నా కార్డు మీద హైదరాబాదు చిరునామా. "మీరు డబ్బులివ్వాలమ్మా" అన్నాడు కండక్టరు. పుట్టి పెరిగింది విజయనగరంలో, ఇప్పుడు పరాయిదాన్ని! చిల్లర తీస్తూ అలిగాను.

నరసన్నపేటలో ఒక ముసలమ్మ రెండు పనసపళ్ళతో ఎక్కి, వాటిని నా కాళ్ళ మీదే దించింది. బస్సంతా వాసన.

"ఎవరింటికెల్తన్నావమ్మా?"

"మా మాస్టారింటికి."

"ఏటి అట్టుకెల్తన్నావు?"

సంచిలోంచి శాలువా చూపించాను. హైదరాబాదులో 1,800 పెట్టి కొన్నది.

"ఈ ఎండల్లో దుప్పటేటమ్మా, సోద్యం కాకపోతే!" అని పకపకా నవ్వి, చిన్న పండు తీసి నా ఒళ్ళో పెట్టింది. డబ్బులివ్వబోతే చెయ్యి తోసేసింది. తర్వాత దిగేదాకా కోడలి మీద ఫిర్యాదులే. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఆ పండు తొడిమ జిగురు కారి శాలువా కవరుకు అంటుకున్న సంగతి ఊళ్ళో దిగాకగానీ చూసుకోలేదు.

ఇదే ఊరికి 1997 వేసవిలో ఎమ్మే విద్యార్థులుగా వచ్చాం. మధుకేశ్వరుడి గుళ్ళో శాసనం నకలు తీయడం మాస్టారు దగ్గరుండి నేర్పారు. రాయి కడిగి, తడి కాగితం అతికించి, అక్షరాల గాడిలోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. కాస్త ఆరాక సిరా మెత్తతో అద్దితే నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు లేస్తాయి. నా కాగితంలో "అనంతవర్మ" దాకా బాగానే వచ్చింది, ఆ పక్కన రాయి అరిగిపోయింది. నేను ధీమాగా "చోడగంగ" అని పూరించేశాను.

"ఇది రాతి మీదుందా, నీ బుర్రలో ఉందా?" అన్నారు మాస్టారు. 1078లో పట్టానికొచ్చిన గంగవంశపు రాజు చోడగంగుడూ అనంతవర్మే, ఆయన తాత వజ్రహస్తుడూ అనంతవర్మే. "కనబడని చోట చుక్కలు పెట్టమ్మా. తప్పు రాస్తే నీ తర్వాత వచ్చేవాడు దాన్నే నమ్ముతాడు." అందరి ముందూ అన్నారని ఆ రాత్రి ఏడ్చాను కూడా.

తర్వాత నేను శాసనాల వైపు పోలేదు, ఆడిట్ ఉద్యోగంలో పడ్డాను. నాలుగేళ్ళ క్రితం, రసీదుల్లేని ఖర్చుకు సరిపడా అంకె వేసెయ్యమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆ గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాను. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మాస్టారికి ఎనభై దాటాయి. వీధరుగు మీద పొందూరు ఖద్దరు పంచెలో కూర్చుని ఉన్నారు. నా కథంతా విని "ఉద్యోగం ఉందా?" అన్నారు.

"ఉంది. బదిలీ చేశారు."

"పోన్లే" అన్నారు. అంతే. దారి పొడవునా నేను కూడబలుక్కున్న నాలుగు వాక్యాలూ గొంతులోనే ఉండిపోయాయి. శాలువా కప్పబోతే జిగురు వైపు చూసి, "ఇవి బీరువా నిండా ఉన్నాయి. దీనికి కొబ్బరినూనె రాయి, పోతుంది. ముందా పండు సంగతి చూడు" అన్నారు.

కత్తిపీటకు, చేతులకు నూనె రాసుకుని నేనే కోశాను. తొనలు చిన్నవే కానీ తేనెలా ఉన్నాయి. మూడోది నోట్లో వేసుకుంటూ అడిగారు:

"ఏ ఊరి పండమ్మా ఇది?"

నరసన్నపేట అనబోయి ఆగాను. ఆవిడ బస్సెక్కింది అక్కడ. పండు ఏ ఊరిదో నేనడగలేదు.

"తెలీదు మాస్టారూ."

ఆయన ఇంకో తొన తీసుకున్నారు.