సూది తేలే చోట కన్ను: కుట్టు పరికరం డిజైన్‌లో నా అనుభవం

నోటి గుండా జీర్ణాశయంలోకి పంపి, లోపలి నుంచే దాని గోడకు కుట్టు వేసే పరికరాన్ని రూపొందించే చిన్న బృందంలో మెకానికల్ డిజైన్ నా బాధ్యత. ఈ ఆలోచన మాది కాదు. ఎండోస్కోపు (నోటి గుండా లోపలికి పంపే కెమెరా గొట్టం) కొనకు బుల్లి కుట్టుమిషను తగిలించవచ్చని లండన్‌లో పాల్ స్వేన్ బృందం 1986లోనే చూపించింది. హైదరాబాదులో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు పొట్ట మీద కోత లేకుండా జీర్ణాశయం గుండానే అపెండిక్సును తీసినప్పుడు, లోపల చేసిన రంధ్రాన్ని నమ్మకంగా మూయడం ఎలా అన్న ప్రశ్న మా ఊరి వైద్యులకూ దగ్గరయింది. నేడు బాగా వాడుకలో ఉన్న ఓవర్‌స్టిచ్ అనే కుట్టు పరికరం ఎండోస్కోపు మూతికి తొడిగేది. దాని తొలి రకానికి రెండు చానెళ్ల (పనిముట్లు పంపే దారుల) ఎండోస్కోపు తప్పనిసరి, అటువంటివి చాలా ఆసుపత్రుల్లో ఉండవు. కుట్టు తలకే సొంత కెమెరా ఉంటే వేరే ఎండోస్కోపుతో పనిలేదు కదా అన్నది మా లెక్క. ఆ మాట అనుకోవడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది.

మొదట సెన్సర్‌ను ఎంచుకోవాలి. మిల్లీమీటరు చదరంలో ఇమిడే కెమెరాల్లో 250 × 250 పిక్సెళ్లది ఒకటి, 400 × 400 పిక్సెళ్లది ఒకటి మా ముందున్నాయి. చిన్నదాని కేబుల్ సన్నం, ధర తక్కువ కనుక నా మనసు అటే మొగ్గింది. అయితే 120 డిగ్రీల దృశ్యకోణమున్న కటకం 10 మిల్లీమీటర్ల దూరంలో సుమారు 35 మిల్లీమీటర్ల వెడల్పును చూస్తుంది. మేము వాడే 2-0 అనే సైజు కుట్టు దారం మందం 0.3 మిల్లీమీటరు పైచిలుకు. పెద్ద సెన్సర్‌లో ఆ దారానికి దాదాపు నాలుగు పిక్సెళ్లు దక్కితే, చిన్నదానిలో రెండే దక్కుతాయి. రెండు పిక్సెళ్ల దారం పొట్ట లోపలి జిగురు మధ్య మాయమవుతుందని పంది పొట్ట మీద పెట్టి చూసిన మొదటి రోజే తేలిపోయింది. దారం నీలి రంగుది కాకపోయి ఉంటే నాలుగు పిక్సెళ్లూ చాలేవి కావు.

అసలు తప్పు మాత్రం కెమెరా ఉండే చోటు విషయంలో చేశాను. ఎండోస్కోపులకు అలవాటుపడిన కళ్లతో దాన్ని తల మధ్యలో, నేరుగా ముందుకు చూసేలా పెట్టాను. మా పరికరంలో వంపు సూదిని ఒక చేయి తిప్పి కణజాలంలోకి దింపుతుంది, అవతల దాని మొనను ఒక కప్పు అందుకుంటుంది. నమూనాను చూసిన సీనియర్ గ్యాస్ట్రో డాక్టరు గారు రెండు కుట్లు వేసి, తెర వైపు చూస్తూ, "దిగే చోటు నేను ఎలాగూ చూసుకుంటాను బాబూ, మొన ఎక్కడ తేలుతుందో అది చూపించు" అన్నారు. జీర్ణాశయం గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే. దాని వెనుక చోటును బట్టి కాలేయమో, పిత్తాశయమో, పెద్దపేగో ఉంటుంది. మొన గోడ దాటి మళ్లీ లోపలికి వచ్చిందో లేదో తెలియకుండా కుట్టు వేయడమంటే చీకట్లో దారం ఎక్కించడమే. నా డిజైన్‌లో సరిగ్గా ఆ క్షణాన సూది చేయి కెమెరాకు అడ్డంగా నిలబడేది.

కెమెరాను కప్పు పక్కకు మార్చి, కాస్త వాలుగా పెట్టాక మొన కనిపించింది కానీ కొత్త తలనొప్పులు మొదలయ్యాయి. చేయి నీడ సరిగ్గా సూది తేలే చోటే పడేది. రెండో ఎల్‌ఈడీ పెడితే నీడ పోయింది కానీ వేడి పెరిగింది. శరీరాన్ని తాకే భాగం 41 డిగ్రీలు దాటకూడదన్న పరిమితికి కట్టుబడి వెలుతురు తగ్గించాం. తగ్గించగానే, ఆ వేడివల్లే కటకం మీద ఆవిరి పట్టకుండా ఉండేదని బోధపడింది. పరికరాన్ని లోపలికి పంపే ముందు గోరువెచ్చని నీటిలో ముంచడమనే పాత చిట్కాకే చివరికి తిరిగివచ్చాం.

సూది మెరుపుది మరో కథ. ఉక్కు సూది తళుక్కుమనగానే కెమెరా ఎక్స్‌పోజరును (తీసుకునే కాంతిని) తగ్గించేది, చుట్టూ ఉన్న కణజాలమంతా నల్లబడేది. సూదిని గరుకు చేస్తే మెరుపు పోయింది గానీ, గోడలో దిగేటప్పుడు పట్టేసేది. మొన దగ్గర నునుపు వదిలేసి, వెనుక భాగాన్ని మాత్రమే మసకబార్చాక రెండూ కుదిరాయి. ఈ చిన్న మార్పుకు మూడు నెలలు పట్టింది.

కేబుల్ సంగతీ చెప్పాలి. సూది చేతిని లాగే తీగనూ, కెమెరా తీగలనూ స్థలం ఆదా అవుతుందని ఒకే గొట్టంలో పంపాను. గొట్టం మొత్తం 360 డిగ్రీల మేర వంపులు తిరిగినప్పుడు, ఘర్షణ గుణకం 0.2 అయినా, పిడి దగ్గర లాగిన బలంలో పావు వంతు పైచిలుకు మాత్రమే కొనకు చేరుతుంది. మిగతాది దారి పొడవునా గోడల మీద, అంటే నా కెమెరా తీగల మీద రుద్దుడుగా పోతుంది. ఒక ఉదయం, థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య తెచ్చుకున్న పంది పొట్టల్లో చివరిదాని మీద, సూది సగం దిగి ఉండగా తెర నల్లబడింది. విప్పి చూస్తే టంకం దగ్గర తీగ తెగి ఉంది.

తీగలకు వేరే గొట్టం ఇవ్వడం సులభమైన దిద్దుబాటు. అయితే వైద్య పరికరాల ప్రమాదాల అంచనాకు ఉన్న ఐఎస్‌ఓ 14971 ప్రమాణం ప్రకారం రాసుకునే రిస్క్ ఫైలులో ఆ రోజు చేర్చిన వరుస మాత్రం డిజైన్‌నే మార్చింది: చిత్రం పోయినప్పుడు సూది గోడలో ఉంటే ఏమిటి? తెర మీద చూస్తూ సూదిని వెనక్కి తీయడం అప్పటిదాకా మా విధానం. ఇప్పుడు పిడి మీద విడిగా ఒక మీట ఉంది. కరెంటుతోనూ చిత్రంతోనూ సంబంధం లేకుండా, స్ప్రింగు బలంతో అది చేతిని వచ్చిన దారినే వెనక్కి తెస్తుంది. ప్రతి నమూనాకూ మొదటి పరీక్ష ఇదే: కెమెరా ప్లగ్గు పీకి, గొట్టాన్ని పూర్తిగా వంచి, సూది దింపి, మీట నొక్కుతాం. పోయిన వారం పన్నెండుసార్లు నొక్కితే పదకొండుసార్లు వచ్చింది. మెడికల్ డివైజెస్ రూల్స్, 2017 కింద పరీక్షల కోసం తయారీకి పెట్టుకోవలసిన ఎండీ-12 దరఖాస్తు, ఆ పన్నెండోది ఎందుకు రాలేదో తేలేదాకా, నా బల్ల మీదే ఉంది.