'దిద్దుబాటు'లో కమలిని బాధ దేని గురించి?

గురజాడ 'దిద్దుబాటు' పేరెత్తగానే అది తెలుగులో తొలి కథా కాదా అన్న చర్చలోకి వెళ్లిపోతాం. ఇది 1910లో వచ్చింది, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది, అంతటితో ఆ సంగతి వదిలేద్దాం. నాకు బాధేమిటంటే, ఈ చర్చలో పడి కథలోకి ఎవరూ సరిగ్గా తొంగి చూడరు, చూసినా 'వేశ్యాలోలత్వం, భర్తలో మార్పు' అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

సాని పాట మోజులో పడ్డ గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరతాడు. భార్య కమలిని ఉండదు, పుట్టింటికి పోతున్నానని ఉత్తరం ఉంటుంది. ఆ ఉత్తరాన్ని నెమ్మదిగా చదవండి. అందులో సాని మీద ఒక్క తిట్టు ఉండదు. మీటింగులనీ, లోకహితమనీ చెప్పి రాత్రుళ్లు బయట గడిపారు, నేను ఇంట్లో ఉండబట్టే కదా మీకు అబద్ధాలాడాల్సి వస్తోంది, నేను లేకపోతే ఆ అవసరమే ఉండదు అంటుంది. అంటే ఆమెను కోసిన కత్తి అబద్ధం. అదీ సంఘసేవ పేరు పెట్టుకున్న అబద్ధం! కథకి అసలు ఇతివృత్తం ఇదేనని నా నమ్మకం. సంస్కరణల గురించి పెద్ద మాటలు మాట్లాడే మనిషి ఇంట్లో ఎలా ఉన్నాడన్నదే గురజాడ అడుగుతున్న ప్రశ్న.

ఇక భాష చూడండి. వాడుక భాష కోసం అంత పోరాడిన గురజాడ కమలిని ఉత్తరాన్ని గ్రాంథికంలో రాయించాడు. అది చదువుకున్న అమ్మాయి పద్ధతిగా, ఒక్క మాట తూలకుండా రాసిన ఉత్తరం కాబట్టే అంత గట్టిగా తగులుతుంది. దాని పక్కనే నౌకరు రాముడి ఉత్తరాంధ్ర యాస: ఆడవాళ్లకి మగాళ్లలాగా రాతలు నేర్పితే ఇలా కాక ఇంకేమవుతుందన్నది వాడి వాదన. వాడి అభిప్రాయం తప్పే, కానీ ఆమె చదువే గోపాలరావుని పట్టించిందన్న నిజం మాత్రం వాడి నోటే వస్తుంది.

కథనం గోపాలరావుని వదిలి పక్కకి పోదు. అతనికి తెలిసిందే మనకీ తెలుస్తుంది, అందుకే ఆమె వెళ్లిపోయిందనే మనమూ నమ్ముతాం. చివర్లో మంచం కింద నుంచి కమలిని నవ్వు వినిపించాక వెనక్కి వెళ్లి మళ్లీ చదివితే ప్రతి మాట బరువూ మారిపోతుంది. రాముడి వీపు మీద గుద్దడం, జాలిపడి అదే వీపు నిమరడం, తను పశువునని తిట్టుకోవడం, చదువుకున్న స్త్రీ ఎంత గొప్పదో ఆ అపరాత్రి నౌకరుకి బోధించడం... అన్నీ ఆవిడ వింటూనే ఉంది. భార్య ఎదురుగా ఉంటే ఇందులో సగమైనా పైకి అనేవాడా?

అతను మారాడని మాత్రం నాకు నమ్మకం కుదరడం లేదు. స్త్రీ గురించి రాముడికి చెప్పిన ఆ ఉపన్యాసం మీటింగుల్లో వినిపించే మాటల్లాగే ఉంది, పైగా నౌకరు మీద చెయ్యి చేసుకున్న కాసేపటికే చెప్పింది. కమలిని నమ్మిందా? కథంతటిలో ఆమె గొంతుతో మనకి వినిపించేది ఆ నవ్వొక్కటే. దాన్ని క్షమాపణగా తీసుకునేవాళ్లున్నారు. నాకైతే అది గెలిచిన మనిషి నవ్వులా వినిపిస్తుంది, ఎందుకంటే అబద్ధం లేని నాలుగు మాటలు అతని నోట రప్పించాలనుకుంది, రప్పించింది.