మిసెస్ హెరింగ్ క్యారియర్ వెతుక్కుంటూ

మా అమ్మాయి వాళ్లుండేది షికాగో దగ్గర అరోరాలో. పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. నేను వచ్చిన దగ్గర్నుంచీ సాయంత్రం పూట ఆవిడ దగ్గర కాసేపు కూర్చోవడం అలవాటైంది. ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమవుతుంది గానీ, వంటల సంగతి వచ్చేసరికి ఇద్దరం చేతులతోనే చెప్పేసుకుంటాం. నవంబరు చివర్లో మొదటి మంచు పడ్డ రోజు ఆవిడ ఒక పాత ఫోటో తీసి నా చేతిలో పెట్టారు. తెల్ల గ్లవ్స్ వేసుకున్న ఏడేళ్ల పిల్ల, పక్కన టోపీ పెట్టుకున్న అమ్మమ్మ, వాళ్ల వెనక కొమ్మల నిండా దీపాలతో క్రిస్మస్ చెట్టు.

"ఫీల్డ్స్‌లో వాల్‌నట్ రూమ్. ఏటా ఇక్కడే చికెన్ పాట్ పై తినేవాళ్లం" అన్నారు. ఫీల్డ్స్ అంటే షికాగోలోని మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్, వాల్‌నట్ రూమ్ అందులోని భోజనశాల. పాట్ పై అంటే గిన్నెలో గ్రేవీ కూర పోసి, మీద పిండి మూత పరిచి ఓవెన్‌లో కాల్చే వంట. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆవిడ రైలు మెట్లు ఎక్కలేరు. నేను వెళ్లి తిని, దాని సంగతేమిటో చూసుకుని వచ్చి మీకు ఇంట్లో చేసిపెడతాను అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. నేను మాత్రం మాట ఇచ్చినట్టే అనుకున్నాను.

డిసెంబరు రెండో వారంలో అమ్మాయి ఒకరోజు సెలవు పెట్టింది. అరోరాలో మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్లో దిగాం. ముందు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాం. 1893లో వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. అక్కడ చేతులు జోడించి, గాలికి మొహాలు కప్పుకుంటూ స్టేట్ స్ట్రీట్ వైపు నడిచాం. వాషింగ్టన్ వీధి కలిసే మూల, ఫీల్డ్స్ గోడ నుంచి బయటికి వేలాడుతూ పచ్చబడిన పెద్ద గడియారం కనిపించింది. ఆ మూలకి మొదటి గడియారం పెట్టింది 1897లో. ఈ ఊళ్లో తరతరాలుగా "గడియారం కింద కలుద్దాం" అంటే అందరికీ ఇదే గుర్తు. స్టోర్ పేరు 2006 సెప్టెంబరు 9న మేసీస్‌గా మారింది. అయినా భవనం మూలల్లో 'మార్షల్ ఫీల్డ్ అండ్ కంపెనీ' అన్న లోహపు పలకలు అలాగే ఉన్నాయి. మా పక్కింటావిడ నోట్లో కూడా ఆ పేరు మారలేదు.

బట్టలు, టోపీలు అమ్మే చోట భోజనం ఎందుకు మొదలైందో తెలిశాక ఈ ప్రయాణం మీద నాకు మమకారం ఇంకా పెరిగింది. ఆ రోజుల్లో ఊరి నడిబొడ్డున ఉండే హోటళ్లలో మగతోడు లేకుండా వచ్చిన ఆడవాళ్లకి ఆదరణ ఉండేది కాదు. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు ఆకలేస్తే ఇంటిదారి పట్టాల్సిందే. టోపీల విభాగంలో పనిచేసే మిసెస్ హెరింగ్ అనే ఆవిడ, ఆకలితో ఉన్న ఒక కస్టమర్‌కి తను ఇంటి నుంచి తెచ్చుకున్న చికెన్ పాట్ పై పెట్టిందట. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి, ఆ పై కోసమే జనం రావడం మొదలుపెట్టారట. స్టోర్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. అప్పట్లో అక్కడ మేనేజరుగా ఉన్న హ్యారీ సెల్ఫ్రిడ్జ్ (తర్వాత 1909లో లండన్‌లో సొంత స్టోర్ తెరిచింది ఈయనే) యజమానిని ఒప్పించాడు. 1890లో 15 బల్లలతో టీ రూమ్ మొదలైంది.

నేను ఏలూరులో ముప్పై ఏళ్లు టీచరుగా చేశాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే స్టాఫ్ రూమ్‌లో క్యారియర్లు విప్పి, నా గోంగూర నీకు, నీ చేపల పులుసు నాకు అని పంచుకునేవాళ్లం. అంచేత హెరింగ్ నాకు చరిత్రలో మనిషిలా అనిపించలేదు. మా స్టాఫ్ రూమ్‌లో పక్క కుర్చీ మనిషిలాగే అనిపించింది.

వాల్‌నట్ రూమ్ ఏడో అంతస్తులో ఉంది. ఇప్పుడున్న ఈ హాలు 1907 నాటిది. గోడల నిండా సర్కేసియన్ వాల్‌నట్ చెక్క. మసక వెలుతురులో అది బెల్లం పాకం రంగులో మెరుస్తుంటుంది. హాలు మధ్యలో ఫౌంటెన్ ఉండే చోట, డిసెంబరులో దాని మీదుగా 45 అడుగుల చెట్టు నిలబెడతారు. ఎనిమిదో అంతస్తు నుంచి కూడా ఆ చెట్టుని చూడొచ్చు. బల్ల దొరకడానికి చాలాసేపు పట్టింది. మా ముందు వరసలో ఒక కుటుంబం, అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా మూడు తరాల ఆడవాళ్లు, ఒకే రకం ఎర్ర స్వెటర్లతో నిలబడ్డారు. ఆ చిన్నపిల్ల చేతికి గ్లవ్స్ ఉన్నాయా అని చూశాను. లేవు.

పై వచ్చింది. తెల్ల పింగాణీ గిన్నె, మీద బంగారు రంగులో ఉబ్బిన పిండి మూత. వెయిటర్ చెంచాతో ఆ మూతని గుచ్చి, గిన్నెని ఒక్కసారిగా పళ్లెంలోకి బోర్లించాడు. మూత అడుగుకి పోయింది, దాని మీద చిక్కటి తెల్లటి గ్రేవీ, చికెన్ ముక్కలు, క్యారెట్లు, బఠాణీలు పరుచుకున్నాయి. మన నాలుకకి మొదటి ముద్ద చప్పగానే ఉంటుంది, నిజం. మూడో ముద్దకి గానీ అసలు రుచి తెలియదు. కోడి ఉడికిన నీళ్ల రుచి, వెన్న, థైమ్ ఆకు, చివర్లో గొంతులో సన్నగా తగిలే మరేదో వాసన. ఆ వాసనేమిటో ఎంత ఆలోచించినా అందలేదు. కాగితం మీద రాసుకున్నాను.

దిగేటప్పుడు ఆవిడ కోసం ఫ్రాంగో మింట్ చాక్లెట్లు ఒక డబ్బా కొన్నాను. ఇవి 1999 దాకా ఇదే భవనంలో పదమూడో అంతస్తులో తయారయ్యేవి.

ఈ పై చేసే పద్ధతిని స్టోర్ వాళ్లే ఎప్పుడో అచ్చువేశారు కాబట్టి కొలతలకి ఇబ్బంది లేదు. కొలతలు తెలిసినా మొదటిసారి నాకు కుదరలేదు. తొందరపడి ఎముకల్లేని చికెన్, డబ్బాలో దొరికే బ్రాత్ (కోడి ఉడికించిన నీళ్లు) వాడాను. గ్రేవీ చిక్కగానే వచ్చింది గానీ రుచికి లోతు లేదు. మూత పిండిని అలవాటు కొద్దీ చపాతీ పిండిలా మర్దించాను. ఓవెన్ నుంచి తీసేసరికి చెంచా దిగనంత గట్టిగా ఉంది.

రెండోసారి ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. ఒకటిన్నర కిలోల కోడిని చర్మంతో సహా ఒక క్యారెట్, ఒక సెలెరీ కాడ, ఒక ఉల్లిపాయతో నీళ్లలో ముంచి, సన్న సెగ మీద ముప్పావుగంట ఉడికించాను. కోడిని తీసేసి ఆ నీళ్లని ఇంకో ఇరవై నిమిషాలు మరిగించి వడగట్టాను. ఇల్లంతా ఆ వాసన నిండాక అర్థమైంది, ఈ వంటకి ప్రాణం ఆ నీళ్లలోనే ఉంది.

పిండి దగ్గర నాకు కజ్జికాయలు గుర్తొచ్చాయి. వాటికి వేడి నెయ్యి పోసి పిండికంతా పట్టిస్తేనే గుల్లగా వస్తాయి. ఇక్కడ పద్ధతి దానికి తలకిందులు. ఒకటిన్నర కప్పుల మైదాకి అరకప్పు వెన్న, పావుకప్పు వనస్పతి లాంటి షార్టెనింగ్, రెండూ ఫ్రిజ్‌లోంచి తీసినవే వెయ్యాలి. వెన్న శనగగింజలంత ముక్కలుగా మిగిలి ఉండగానే మూడు నాలుగు చెంచాల ఐసునీళ్లు చల్లి, మర్దించకుండా ముద్దగా దగ్గరకి చేర్చి చలువలో పెట్టాలి. ఆ వెన్న ముక్కలు ఓవెన్‌లో కరిగి, వాటిలోని నీరు ఆవిరై పిండిని పొరలు పొరలుగా విడదీస్తుంది. నా చేతులు వెచ్చన, అందుకే మధ్యమధ్య చన్నీళ్లలో ముంచుకుంటూ చేశాను.

గ్రేవీకి వెన్నలో ఉల్లి, క్యారెట్, సెలెరీ మగ్గించి, అరకప్పు మైదా వేసి పచ్చివాసన పోయేదాకా కలిపి, పాలూ వడగట్టిన నీళ్లూ కొంచెం కొంచెంగా పోశాను. ఇక్కడే షెర్రీ అనే వైను పావుకప్పు పోయాలి. నా వంటింట్లోకి ఎప్పుడూ మద్యం రానివ్వలేదు, మొదటిసారి అందుకే మానేశాను. గొంతులో తగిలిన ఆ వాసన దానిదేనని అమ్మాయి చెప్పాక, ఇది నా నాలుక కోసం చేస్తున్న వంట కాదు కదా అనుకుని పోశాను. థైమ్, పార్స్లీ, బఠాణీలు, చికెన్ ముక్కలు కలిపి ఆరు గిన్నెల్లో సర్ది, మూతలు పరిచి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఇరవై అయిదు నిమిషాలు ఉంచాను. అంచుల్లోంచి గ్రేవీ బుడగలు బుడగలుగా పొంగింది.

పక్కింటావిడని అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆవిడ ముందు గిన్నె పెట్టి చెంచా ఇచ్చాను. ఆవిడ చెంచా ముట్టుకోకుండా మూత వంక చాలాసేపు చూసి, "పళ్లెం ఉందా?" అని అడిగారు. నాకే సిగ్గేసింది, అంత దూరం వెళ్లి చూసొచ్చి ఆ సంగతే మర్చిపోయాను. పళ్లెం తెచ్చాను. ఆవిడ వణుకుతున్న చేత్తో మూతని గుచ్చి, నేను సాయం చెయ్యబోతే వద్దని, రెండు చేతులా గిన్నె పట్టుకుని బోర్లించారు. కొంత గ్రేవీ టేబుల్ గుడ్డ మీద పడింది.

మొత్తం తిన్నారు. చివర్లో పళ్లెం అంచున ఉన్న మూత ముక్కని వేలితో నొక్కి, "బఠాణీలు ఇంకాసిని ఉండేవి" అన్నారు. వెళ్లేటప్పుడు ఇంకో గిన్నెలోది నా స్టీలు క్యారియర్‌లో పెట్టిచ్చాను, రేపు మధ్యాహ్నానికి.