ట పలకడానికి నాకు పట్టిన ఎనిమిది నెలలు (నా అనుభవం)

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది అంటారు కదా మనవాళ్లు. నరం ఉందండీ, 12వ కపాల నాడి, హైపోగ్లాసల్ అంటారు, నాలుకని కదిలించే పని దాదాపు మొత్తం దానిదే. లేనిది ఎముక. ఆ ఎముక లేకపోవడం వల్లే నా ఎంటెక్ ప్రాజెక్ట్ ఎనిమిది నెలలు సాగింది, కంప్యూటర్‌లో ఒక నాలుక బొమ్మ చేత ఒకే ఒక్క అక్షరం పలికించడానికి, అది కూడా శబ్దం లేకుండా.

నేను మెకానికల్. బీటెక్‌లో ఫైనైట్ ఎలిమెంట్ అంటే ఇనప బ్రాకెట్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి బరువు పెట్టి ఎక్కడ వంగుతుందో చూడటం, అంతే. మా గైడ్ లక్నో ఆయన, మొదటి మీటింగ్‌లోనే నాలుక మీద చెయ్యి అన్నారు. అచ్చుల మీద ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ వాళ్లు బుషయార్, పెరియే, పయాన్ 2009లోనే మంచి పని చేసేశారు, ఏ కండరం ఎంత బిగిస్తే ఏ అచ్చు వస్తుందో మొత్తం చూపించారు, నువ్వు మీ ట, డ చెయ్యి, అవి ఎక్కువమంది ముట్టుకోలేదు అన్నారు. సరే సార్ అన్నా. నాకేం తెలుసు అప్పుడు.

నాలుకతో చిక్కేంటంటే, చేతిలో కండరం లాగితే ఎముక కదులుతుంది, ఇక్కడ కండరం కండరాన్నే లాగాలి. ఏనుగు తొండం, ఆక్టోపస్ చెయ్యి, మన నాలుక మూడూ ఒకే జాతి, కీర్, స్మిత్ అనే ఇద్దరు 1985లో వీటికి మస్కులర్ హైడ్రోస్టాట్ అని పేరు పెట్టారు. లోపలంతా నీళ్లతో నిండిన కండ కాబట్టి ఘనపరిమాణం మారదు. చపాతీ పిండి ముద్దని గుప్పిట్లో పట్టుకుని నొక్కితే వేళ్ల సందుల్లోంచి బయటికి వస్తుంది చూడండి, అదే లెక్క, ఒకవైపు సన్నబడితే ఇంకోవైపు పొడవాలి. అడ్డంగా ఉండే ట్రాన్స్‌వర్సస్ కండరం బిగిస్తే నాలుక సన్నబడి ముందుకి సాగుతుంది. తోసే కండరం అంటూ ఏదీ లేదు, అయినా మనం నాలుక బయటపెట్టి వెక్కిరించగలం.

మొదట్లో పొగరుకి పోయి మెష్, అంటే నాలుకని ముక్కలుగా కోసిన వల, నేనే చేసుకుంటా అన్నా. ఒక ఎంఆర్ఐ స్కాన్ నుంచి నాలుక ఆకారం తీసి ఆటోమేటిక్‌గా టెట్రా ముక్కలు (నాలుగు ముఖాలవి) కొట్టించి ఆర్టిసింత్‌లో పెట్టా. ఆర్టిసింత్ అంటే వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ల సాఫ్ట్‌వేర్, జావాలో ఉంటుంది, ఫ్రీ. రన్ కొట్టా, కదల్లేదు. కండరం పూర్తిగా బిగించినా కదల్లేదు. చెక్క పలకలా అలా పడి ఉంది. రెండు రోజులు కోడ్ అంతా తిరగేశా, చివరికి మెస్‌లో పెరుగన్నం తింటుంటే వెలిగింది, స్కాన్ మిల్లీమీటర్లలో ఉంది, నేను గట్టిదనం మాత్రం పాస్కల్స్‌లో ఉన్న అంకె ఉన్నదున్నట్టు ఇచ్చేశా, అంటే వెయ్యి రెట్లు గట్టి నాలుక, పైగా బలం న్యూటన్లలో ఇచ్చా కాబట్టి వెయ్యి రెట్లు నీరసం కండరాలు. ఇంక ఏం కదులుతుంది.

అది సరిచేశాక కదిలింది, కానీ మొండిగా. టెట్రా ముక్కలతో ఘనపరిమాణం మారకూడదు అనే షరతు పెడితే ముక్కలన్నీ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, లాకింగ్ అంటారు. అప్పటికి రెండు నెలలు అయిపోయాయి. ఇంక పొగరు పక్కన పెట్టి ఆర్టిసింత్ వాళ్ల మోడల్స్‌లో రెడీగా ఉన్న నాలుకే తీసుకున్నా, అది గ్రెనోబుల్ వాళ్ల నాలుక మీద కట్టిందే, 740 ఇటుకల్లాంటి ముక్కలు, 946 నోడ్లు, అంటే ముక్కల మూలలు కలిసే బిందువులు. ముందే తీసుకుని ఉంటే సంక్రాంతికి థీసిస్ సగం అయ్యేది.

దాంట్లో ఒక అంకె వెనక కథ నాకు భలే నచ్చింది. నాలుక ఎంత మెత్తగా ఉంటుందో తెలియాలంటే నొక్కి చూడాలి, గ్రెనోబుల్ వాళ్లు చనిపోయిన మనిషి నాలుకని నొక్కి కొలిచారు, మెటీరియల్ లెక్కలో మొదటి అంకె 192 పాస్కల్స్ వచ్చింది. కానీ బతికున్న కండ ఊరికే ఉన్నా కొంచెం బిగువుగా ఉంటుంది కదా, అందుకని తర్వాత దాన్ని 5.4 రెట్లు చేసి 1037 పెట్టారు. నేను ఆ 5.4 ని చాలాసేపు చూస్తూ కూర్చున్నా. ప్రాణానికి ఉన్న తేడా అంతా ఆ ఒక్క అంకెలో పెట్టేశారు.

సరే ట కి వద్దాం. పైన పొడవునా ఉండే సుపీరియర్ లాంగిట్యూడినల్ బిగిస్తే కొన పైకి లేస్తుంది. లేచింది. లేచి అంగిలిలోంచి దూరి ముక్కులోకి వెళ్లిపోయింది, ఎందుకంటే అంగిలికి, నాలుకకి తగలాలి అని నేను చెప్పలేదు. కొలిజన్ ఆన్ చేశా. ఈసారి కొన లేస్తూనే నాలుక మొత్తం పొట్టిదై వెనక్కి ముద్దకట్టింది. ఇంకా బిగిస్తే ఎలిమెంట్ ఇన్‌వర్ట్ అయింది అని సిమ్యులేషన్ ఆగిపోయేది, అంటే ఒక ఇటుక చొక్కా తిరగేసినట్టు లోపలిది బయటికి తిరిగిపోయిందన్నమాట. ట్రాన్స్‌వర్సస్ కొంచెం కలిపి సాగదీసి, జీనియోగ్లాసస్ అనే పెద్ద నాలుక కండరం ముందు భాగంతో కొన వెనకాల గుంట చేస్తే అప్పుడు కొన వెళ్లి పళ్ల వెనక గట్టు దాటి అంగిలికి తగిలింది. గైడ్‌కి చూపించా. ఆయన నోట్లో ఆయన రెండుసార్లు ట ట అనుకుని, పర్ఫెక్ట్ అన్నారు.

నాకేమో ఏదో తేడాగా అనిపించింది. నేను ట అన్నప్పుడు నా నాలుక అలా నిటారుగా నిలబడట్లేదే, ఇంకా వెనక్కి మడుస్తున్నానే అని. ఆయనతో ఏం అనలేదు.

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మెడికల్ షాప్‌లో యాక్టివేటెడ్ చార్‌కోల్ క్యాప్సూల్స్ కొన్నా, విప్పి పొడి వంటనూనెలో కలిపా. ఇది ధ్వనిశాస్త్రం వాళ్ల పాత పద్ధతే. కొత్త మేకప్ బ్రష్‌తో అంగిలికి పూసుకుని ఒక్కసారి "అత" అని, మింగకుండా నోరు తెరిచి ఫొటో తీయించుకోవాలి, మా తమ్ముడు ఫోన్ పట్టుకుని అక్కా ఇంకా తెరువు ఇంకా తెరువు అని. నాలుక కొన, కొన పైభాగం నల్లగా అయ్యాయి. కడుక్కుని మళ్లీ పూసుకుని "అట". నాలుక బయటపెట్టా, పైన ఏమీ లేదు, తెల్లగా ఉంది. తమ్ముడు ఏం అంటలేదక్కా అన్నాడు. నాలుక పైకి ఎత్తి చూపించా. అడుగుభాగం, కొనకి కింద, నల్లటి పట్టీ. అంగిలి ఫొటో కోసం చిన్న అద్దం నోట్లో పెడితే ఆవిరి కమ్మేసేది, వేడినీళ్లలో ముంచి పెడితే ఆగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, ఏందే ఆ నోరు, మసికుండ నాకావా పండగపూట అంది.

ఆ రాత్రే వెతికితే దొరికింది, ధ్వనిశాస్త్రం వాళ్లు లాడెఫోగెడ్, మన పేరి భాస్కరరావు గారు కలిసి 1983లో ఎక్స్‌రేలతో చూపించేశారు, హిందీ ట కి నాలుక కొన తగులుతుంది, తెలుగు, తమిళ ట లకి కొన అడుగుభాగం తగులుతుంది, ఇంకా వెనకగా. ట, డ లని మూర్ధన్యాలు అని చిన్నప్పుడు బడిలో గైడ్, నేను ఇద్దరం ఒకే మాట బట్టీపట్టాం. మా సార్ ఆయన నోటితో సరిచూసుకున్నారు, ఆయన తప్పేం లేదు, అది ఆయన ట.

వెనక్కి వచ్చి మొదలుపెట్టా. ఈసారి కండరాలు చేత్తో తిప్పకుండా ఇన్వర్స్ కంట్రోలర్ వాడా, అంటే కొన కింద నోడ్లు ఇక్కడికి వెళ్లాలి అని గమ్యం ఇస్తే కండరాల బిగింపు అదే లెక్క కట్టుకుంటుంది. వినడానికి హాయిగా ఉంది కానీ ఒకే ఆకారానికి వంద దార్లు ఉంటాయి, అది నాకు ఎదురెదురు కండరాలు రెండూ ఫుల్‌గా బిగించి తెచ్చిచ్చేది, గొడవపడుతున్న ఇద్దరు తలో పక్క తాడు లాగినట్టు. ఎక్కువ బిగిస్తే జరిమానా అని వెయిట్ పెంచాక బుద్ధిగా వచ్చింది. దవడ కొంచెం కిందికి దించితే తప్ప మడిచే చోటు దొరకలేదు, ఇది నేను అనుకోలేదు, అద్దం ముందు చేసి చూస్తే నాది కూడా దిగుతోంది.

ముఖం, పెదాలు కూడా కలపాలని మొదట్లో ప్లాన్, టైం లేక వదిలేశా, ఊ కోసం పెదాలు ముందుకి సున్నా చుట్టడం నా జూనియర్‌కి అంటగట్టాం. అది కూడా తేలిక కాదు, పెదాల చుట్టూ ఉండే కండరంలో బయటి అంచు బిగిస్తే ముందుకొస్తాయి, లోపలి అంచు బిగిస్తే మూసుకుంటాయి, పాపం వాడు ఇప్పుడు అక్కడే ఉన్నాడు.

వైవాలో ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, స్క్రీన్ మీద నాలుక మడిచి అంగిలికి తగలడం రెండుసార్లు చూసి, శబ్దం ఏదమ్మా అన్నారు. లేదు సార్, గాలి వేరే మోడల్ అన్నా. ఆయన తల ఊపి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా ట, ట, ళ అనుకుంటున్నారు, తెలుగాయనే. ళ చేశావా అన్నారు. ప్రయత్నించా, రాలేదు. ళ కి కొన తగిలి ఉండగా పక్కల నుంచి గాలి పోవాలి, నా మోడల్‌లో కొన తగిలేసరికి పక్కలు కూడా అతుక్కుపోతున్నాయి, ఒక పక్కైనా దించమంటే కొన వదిలేస్తోంది.