రోగాలు పాతబడితే మెత్తబడతాయా?

"ఏ రోగమైనా కొత్తలోనే ఉధృతంగా ఉంటుంది, రానురాను మెత్తబడిపోతుంది, మనిషిని చంపేస్తే క్రిమికి మాత్రం చోటెక్కడ ఉంటుంది" అనే మాట ఈ మధ్య మరీ ఎక్కువగా వినిపిస్తోంది. బాగా చదువుకున్న వాళ్ళు కూడా అంటున్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందంటే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. మైక్రోబయాలజీ చదివిన మనిషిగా నాకు ఈ మాట వింటే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇది తప్పు, పైగా ప్రమాదం తెచ్చే తప్పు. దీన్ని నమ్మినవాళ్ళకి ఇక చెయ్యాల్సింది ఏమీ ఉండదు, చేతులు కట్టుకుని కూర్చుంటే కాలమే చూసుకుంటుంది అనిపిస్తుంది.

ఈ ఆలోచన వందేళ్ళ పైబడినది, థియోబాల్డ్ స్మిత్ అనే అమెరికన్ బాక్టీరియాలజిస్ట్ పేరుతో ముడిపెడుతుంటారు. దాని మీద గట్టి దెబ్బ 1982లో పడింది. రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కలు వేసి చూపించింది ఏంటంటే, క్రిమి భవిష్యత్తు ఒక్క రోగి ఎంతకాలం బతికాడు అన్న దాని మీదే ఆధారపడదు, ఆ రోగి నుంచి మొత్తం ఎంతమందికి అంటుకుంది అన్నదే అసలు లెక్క. రోగికి జరిగే హాని ఆ అంటుకోవడానికి పనికొస్తే హాని నిలబడుతుంది, పెరుగుతుంది కూడా. అడ్డమొస్తే తగ్గుతుంది. సంబంధమే లేకపోతే? అప్పుడు తగ్గాల్సిన ఒత్తిడే ఉండదు.

కలరా తీసుకోండి. దాని బాక్టీరియా అసలు కాపురం మనిషి కడుపులో కాదు, నదులు సముద్రంలో కలిసేచోట ఉప్పు తగిలిన నీళ్ళలో. అక్కడ కంటికి ఆనీ ఆనని రొయ్యజాతి జీవుల పెంకుల మీద అతుక్కుని హాయిగా బతుకుతుంది, అక్కడి బాక్టీరియాలో చాలా రకాలకి మనిషికి కలరా తెప్పించే శక్తే లేదు. ఆ శక్తినిచ్చే టాక్సిన్ జీన్ (విషాన్ని తయారుచేయించే జీన్) బాక్టీరియా సొంతం కూడా కాదు. బాక్టీరియాకి పట్టే వైరస్‌లని ఫేజ్‌లు అంటారు కదా, అలాంటి ఒక ఫేజ్ ఈ జీన్‌ని మోసుకొచ్చి బాక్టీరియా డీఎన్‌ఏలో దూర్చిందని వాల్డర్, మెకలనోస్ అనే శాస్త్రవేత్తలు 1996లో కనిపెట్టారు. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, బాక్టీరియా పేగులో నిలదొక్కుకోవడానికి సన్నటి పోగుల్లాంటివి తయారు చేసుకుంటుంది, ఫేజ్ లోపలికి రావడానికి పట్టుకునేది సరిగ్గా ఆ పోగుల్నే. అంటే ముందు పేగులో ఉండటం నేర్చుకున్నవే విషాన్ని కూడా అందుకోగలిగాయి.

ఆ విషం పేగు కణాల్లోకి వెళ్ళి ఒక స్విచ్‌ని ఆన్‌లోనే బిగించేస్తుంది, కణం క్లోరైడ్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది, దాని వెంబడే సోడియం, దాని వెంబడే నీళ్ళు, తీవ్రంగా వస్తే గంటకి ఒక లీటరు దాకా పోవచ్చు. (కలరాలో పేగులోకి నీళ్ళు లాగేది ఒక టాక్సిన్ అని 1959లో కలకత్తాలో కుందేళ్ళ పేగుల మీద ప్రయోగాలతో చూపించింది శంభునాథ్ డే, ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలి.) ఇప్పుడు క్రిమి వైపు నుంచి చూడండి. ఆ విరేచనాల నీళ్ళలో ఒక్కో మిల్లీలీటరులో కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటాయి. తాగే నీళ్ళూ మురుగునీళ్ళూ కలిసే చోట రోగి మంచం దిగకపోయినా క్రిమి ఊరంతా తిరిగొస్తుంది. రోగి లేచి తిరగాల్సిన అవసరమే లేనప్పుడు అతన్ని పడగొట్టకుండా ఉండటం వల్ల దానికి ఒరిగేదేంటి?

కలరా చరిత్రలో మెత్తబడినట్టు కనిపించిన ఘట్టం ఒకటి ఉంది, అందుకే దాన్ని దాచకుండా చెప్పాలి. 1961లో ఇండోనేషియా నుంచి మొదలైన ఏడో మహమ్మారిలో ఎల్ టోర్ అనే రకం పాత క్లాసికల్ రకాన్ని పక్కకి నెట్టేసింది, అది మొత్తం మీద పాతదానికంటే నెమ్మదైనది, సోకినా లక్షణాలు కనిపించనివాళ్ళు దీంట్లో ఎక్కువ. చూశారా మెత్తబడింది అనుకునేలోపే, పాత క్లాసికల్ రకం టాక్సిన్‌ని కలిగిన ఎల్ టోర్ రకాలు 1990ల్లో బయటపడ్డాయి, తర్వాత అవే వ్యాపించాయి, 2010లో హైతీని ఊపేసింది కూడా ఆ కోవదే. నెమ్మదిగా ఉండటం కూడా అంతకుముందు పరిస్థితుల్లో పనికొచ్చిన ఒక పద్ధతే తప్ప అటువైపే వెళ్ళాలన్న నియమం లేదు.

ప్లేగు కథ ఇంకా వింతగా ఉంటుంది, నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచన రేపేది ఇదే. దాని పూర్వీకుడు పేగులో చిన్నపాటి జబ్బు చేసే బాక్టీరియా, సాధారణంగా మనిషి తనంతట తానే కోలుకుంటాడు. దాన్నుంచి ప్లేగు విడిపోయింది కొన్ని వేల ఏళ్ళ కిందటే, పరిణామంలో అది నిన్నమొన్నటి సంగతి. కొత్తగా రెండు ప్లాస్మిడ్‌లు అంటే విడిగా తిరిగే డీఎన్‌ఏ ముక్కలు దొరికాయి. వాటిలో ఒక దాని మీద ఉన్న వైఎంటీ అనే జీన్ ఎలుకల రక్తం తాగే ఫ్లీ అనే రెక్కల్లేని పురుగు కడుపులో బతకడానికి తోడ్పడుతుంది. దాదాపు 5000 ఏళ్ళ కిందటి మనుషుల పళ్ళలోంచి తీసిన ప్లేగు డీఎన్‌ఏలో ఈ జీన్ లేదు, దాదాపు 3800 ఏళ్ళ కిందటి దాంట్లో ఉంది. అయితే సంపాదించుకున్నవే కాదు, పోగొట్టుకున్నవి కూడా అంతే ముఖ్యం. పూర్వీకుడికి యూరియేజ్ అనే ఎంజైమ్ ఉండేది, అది ఫ్లీకి విషం. ప్లేగు బాక్టీరియాలో ఆ జీన్‌లో ఒక్క అక్షరం అదనంగా చేరి ఎంజైమ్ పనిచెయ్యడం మానేసింది, అంతే, ఇక తనని మోసే పురుగు తన వల్ల చావదు. పురుగు విషయంలో నిజంగానే మెత్తబడింది! మన విషయంలో మాత్రం కాదు. ఎందుకంటే ఆ పురుగు పీల్చే రక్తం చాలా కొంచెం, అంత కొంచెంలో కూడా క్రిమి ఎక్కాలంటే ఎలుక రక్తం నిండా బాక్టీరియా కిక్కిరిసి ఉండాలి, అంటే ఆ జంతువు చావుకి దగ్గరపడాలి. అదే బాక్టీరియా అదే తీరుతో మనిషి ఒంట్లోకి వస్తే ఏమవుతుందో 1346 తర్వాతి కొన్నేళ్ళలో యూరప్ చూసింది, అక్కడి జనాభాలో కనీసం మూడోవంతు పోయారంటారు.

ఇలా పోగొట్టుకుని బలపడటం ప్లేగుకే పరిమితం కాదు. రక్త విరేచనాలు చేసే షిగెల్లా నిజానికి మన పేగుల్లో మామూలుగా ఉండే ఈ-కోలై (E. coli) అనే బాక్టీరియా నుంచి పుట్టిందే, ఈ-కోలైలో ఉండే కాడ్‌ఏ అనే జీన్ తయారుచేసే పదార్థం షిగెల్లా టాక్సిన్‌కి అడ్డుపడుతుంది, అందుకని షిగెల్లా రకాలు ఆ జీన్‌ని వదిలించుకున్నాయి. కుష్టు బాక్టీరియా అయితే మరీ ఘోరం, 2001లో దాని జీనోమ్ అంటే మొత్తం డీఎన్‌ఏ చదివితే పనిచేసే జీన్లు దాదాపు 1600, పాడైపోయినవి 1100కి పైన. బతికున్న కణాలు లేకపోతే పెరగలేని స్థితికి వచ్చేసింది, ల్యాబ్‌లో మామూలు బాక్టీరియాలాగా గాజుపళ్ళేల్లో పెంచుదామన్నా పెరగదు. మన మీద అంతగా ఆధారపడిపోయి కూడా ఇన్ని వేల ఏళ్ళుగా మన నరాల్ని తినడం మానలేదు.

ఇక హానికీ వ్యాప్తికీ సంబంధమే లేని కేసులు. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశం తర్వాత 200 మందికి పైగా జబ్బుపడి 30 మందికి పైగా చనిపోవడానికి కారణమైన లెజియోనెల్లా చూడండి. అది నీళ్ళలో అమీబాల లోపల బతికే బాక్టీరియా, తనని మింగిన అమీబాని మోసం చేసి లోపలే పెరగడానికి 300 పైచిలుకు ప్రోటీన్లు దాని దగ్గర ఉన్నాయి. మన ఊపిరితిత్తుల్లో క్రిముల్ని మింగే తెల్ల కణాలు కూడా దానికి అమీబాల్లాగే కనిపిస్తాయి. మనిషి నుంచి మనిషికి దాదాపుగా అంటదు కాబట్టి మనల్ని చంపినా బతికించినా దాని వంశానికి తేడా లేదు. మెనింజోకాకస్ అనే బాక్టీరియా కూడా అంతే, ఆరోగ్యంగా ఉన్న పదిమందిలో ఒకరి గొంతులో ఊరికే ఉంటుంది, వ్యాపించేది గొంతు నుంచే. ఎప్పుడో రక్తంలోకి, మెదడు పొరల్లోకి దూరినవాటికి బయటికి దారి లేదు, అక్కడే అంతం. కానీ ఆ లోపల ఒక పిల్లవాడు గంటల్లో పోతాడు. ఇలాంటివాటిని కాలం ఎలా మెత్తబరుస్తుంది, చెప్పండి?

మరి మార్పు ఎప్పుడూ రాదా అంటే వస్తుంది, పరిస్థితి మారితే వస్తుంది, ఆ పరిస్థితిని మనం మార్చొచ్చు. డిఫ్తీరియాలో (కంఠసర్పి) కూడా టాక్సిన్ జీన్ ఫేజ్‌దే, 1951లో ఫ్రీమన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆ టాక్సిన్ ఒక్క అణువు కణంలోకి వెళ్తే చాలు, కణం చస్తుంది. దీనికి టీకా బాక్టీరియా మీద కాదు, టాక్సిన్ మీదే పనిచేస్తుంది. టీకా వేసుకున్నవాళ్ళ గొంతులో బాక్టీరియా ఉండొచ్చు, కానీ టాక్సిన్ తయారు చెయ్యడం దానికి శుద్ధ దండగ ఖర్చు అవుతుంది. టీకాలు బాగా వేసినచోట విషం లేని రకాలు ఇంకా దొరుకుతూనే ఉన్నా విషమున్నవి అరుదైపోయాయి.

అరుదైపోయాయి అంటే పూర్తిగా పోలేదు. 1990ల్లో సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన దేశాల్లో టీకాలు వెనకబడ్డాయి, చిన్నప్పుడు వేసుకున్న పెద్దవాళ్ళలో రక్షణ తగ్గిపోయి ఉంది, ఆ దశాబ్దంలో లక్షన్నరకి పైగా కేసులు, దాదాపు 5000 మరణాలు, రోగుల్లో చాలామంది పెద్దవాళ్ళే. పిల్లలతో పాటు పెద్దవాళ్ళకి కూడా మూకుమ్మడిగా టీకాలు వేశాకే అది దిగింది. మీరు డిఫ్తీరియా బూస్టర్ ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారో గుర్తులేకపోతే ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అడగండి, టెటనస్‌తో కలిపి ఒకే ఇంజెక్షన్‌గా ఇస్తారు.