"అమ్మనడిగి చెప్తాను, హోజామ్"

టర్కీలో ఇంగ్లిష్ చెప్పడానికి వచ్చిన మనవాళ్లు మొదట్లో ఒకచోట పప్పులో కాలేస్తారు. పదహారేళ్ల పిల్లను సాయంత్రం క్లబ్బులో చేరతావా అంటే "అమ్మనడిగి చెప్తాను, హోజామ్" అంటుంది. (హోజామ్ అంటే సారూ మేడమూ రెండూ.) సొంత బుర్ర లేదేమో అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు దగ్గరగా ఉండటం, తన సంగతి తను తేల్చుకోలేకపోవడం ఒకటి కాదని తేల్చి చెప్పింది అక్కడి మనస్తత్వవేత్త చీదెమ్ కాయిత్‌చిబాషి. చదువు, పట్నవాసం పెరిగినకొద్దీ తల్లిదండ్రులు పిల్లల సంపాదన మీద ఆధారపడటం తగ్గుతుంది. అనుబంధం తగ్గదు. అందుకే అడిగిందా లేదా అని కాదు, ఏమని అడిగిందో చూడాలి. "చేరనా?" వేరు, "చేరదామనుకుంటున్నా, సరేనా?" వేరు.

అసలు దెబ్బ పరీక్షల దగ్గర తగులుతుంది. ఎనిమిదో తరగతి చివర హైస్కూలు ప్రవేశపరీక్ష ఎల్‌జీఎస్, పన్నెండు చివర యూనివర్సిటీ ప్రవేశపరీక్ష వైకేఎస్. మొదటిదాంట్లో 3 తప్పులకు ఒక ఒప్పు పోతుంది, రెండోదాంట్లో 4 తప్పులకు. మిగిలేది "నెట్". తెలియనిది ఖాళీగా వదిలెయ్యడం అలవాటైన పిల్లవాడు ఇంగ్లిష్‌లో మాట్లాడమన్నా ఖాళీయే వదులుతాడు. దాన్ని మొండితనం అనుకుని గద్దిస్తే ఇంకా బిగుసుకుపోతాడు. ఇంట్లోవాళ్లేమో "మేం పరీక్షకు తయారవుతున్నాం" అంటారు, పరీక్ష తామే రాస్తున్నట్టు. మన ఎంసెట్ ఇళ్లలో వినని మాటా ఇది?

తరగతిలో ముందు ఇద్దరిద్దరిని 2 నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, తర్వాతే అందరి ముందూ అడగండి. తప్పులు పేర్లు లేకుండా బోర్డు మీద రాయండి. "ఎల్ ఆలెమ్ నే దేర్", అంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ పిల్లలకూ ఉంటుంది. అందరిలో ఒక్కడినే ఆకాశానికెత్తినా వాడికి ఇబ్బందే. హోంవర్కుకు 3 అంశాలిచ్చి ఒకటి ఎంచుకోమనండి, ఎందుకో ఒక వాక్యం రాయించండి. పది ఇస్తే పక్కవాడి పుస్తకంలోకి చూస్తారు. ఆ కారణం వాక్యానికి మాత్రం మార్కులు వెయ్యకండి, వేస్తే మీకు నచ్చే కారణమే రాస్తారు.

ఇంటికెళ్లి చెప్పే ట్యూషన్లలో తల్లి పక్కనే కూర్చుని జవాబులు అందిస్తుంటుంది. బయటికెళ్లమంటే అవమానం. చివరి 5 నిమిషాలు ఆరోజు పాఠాన్ని పిల్ల చేత టర్కిష్‌లో ఆవిడకే చెప్పించండి. చెప్పేది కూతురు, వినేది తల్లి అయ్యాక అందించడానికి ఆవిడ దగ్గర ఏమీ ఉండదు. టీ మాత్రం పోస్తూనే ఉంటుంది. చాలనుకుంటే చెంచా గ్లాసు మీద అడ్డంగా పెట్టండి.